2 శాతం సరే, మిగతా 98 శాతం సంగతి ఎవరు అడగాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

ఆర్థిక సంవత్సరం ముగుస్తుందనగా మీ జిల్లా పేజీల్లో ఒకే రకం ఫొటోలు వరసగా వస్తుంటాయండి. ఫలానా కంపెనీ సీఎస్ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) నిధులతో స్కూల్‌కి బెంచీలు, ఇంకో కంపెనీ ఆస్పత్రికి పరికరాలు, పెద్ద చెక్కు పట్టుకుని నిలబడ్డ నలుగురు పెద్దలు. ఆ బెంచీల మీద పిల్లలు కూర్చుంటారు, ఆ పరికరాలతో ఎవరికో వైద్యం అందుతుంది, కాబట్టి ఆ పనులు జరగొద్దని నేను అనను. నా బాధ వేరే. ఆ వార్త చదివినవాళ్ళు ఆ కంపెనీ మంచిదని అనుకుంటారు, కానీ ఆ డబ్బు ఎలా సంపాదించారో మాత్రం ఎక్కడా ఒక్క లైను కూడా ఉండదు. దాని గురించే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా వేస్తారని ఆశ.

ముందు చట్టం సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇది కంపెనీలు మనసు పడి చేసే దానం అనుకుంటున్నారు. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 135 అని ఉంది, 2014 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. నెట్‌వర్త్ (అప్పులు పోగా మిగిలే ఆస్తి) 500 కోట్లు గానీ, టర్నోవర్ (ఏడాది అమ్మకాలు) 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. మొదట్లో పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో రిపోర్టులో రాస్తే సరిపోయేది, 2021 జనవరి నుంచి అలా కుదరదు, మిగిలిన డబ్బు ప్రత్యేక అకౌంట్‌కో చట్టంలో చెప్పిన ఫండ్‌కో పంపాల్సిందే, లేకపోతే జరిమానా. పైగా అది కంపెనీ డబ్బు, అంటే షేర్‌హోల్డర్ల డబ్బు, ఛైర్మన్ గారి సొంత జేబులోది కాదు. చట్టం పెట్టమన్న ఖర్చు పెట్టినందుకు శాలువాలు అక్కర్లేదండి, పెట్టారా లేదా, పెట్టింది పనికొచ్చిందా అని చూస్తే చాలు.

ఇదే చట్టంలో సెక్షన్ 166 కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. డైరెక్టర్ అనేవాడు కంపెనీ కోసం, షేర్‌హోల్డర్ల కోసం మాత్రమే కాదు, ఉద్యోగుల కోసం, చుట్టూ ఉన్న జనం కోసం, పర్యావరణం కోసం కూడా మంచి మనసుతో పనిచేయాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. దీనికి 2 శాతం అనే లెక్క లేదు, ఇది మొత్తం వ్యాపారానికి వర్తిస్తుంది. నా దృష్టిలో అసలైన సామాజిక బాధ్యత ఇదే, 135 దీని తర్వాతే రావాలి, కానీ 135 లెక్క పెట్టడానికి సులువు, ఫొటోకి బాగుంటుంది, అందుకే మనందరి చూపూ అక్కడే ఆగిపోయింది.

సత్యం కంప్యూటర్స్ విషయం మన తెలుగువాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, కానీ ఒక్కసారి ఈ కోణంలో చూడండి. 2005లో హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ మొదలుపెట్టింది ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు గారే. అది నిజంగా గొప్ప పని, ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మనకి తెలుసు, తర్వాత ఎన్నో రాష్ట్రాలు అదే పద్ధతి తెచ్చుకున్నాయి. అదే మనిషి 2009 జనవరి 7న బోర్డుకి లేఖ రాసి, కంపెనీ లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. అంతకు కొన్ని నెలల ముందే, 2008లో, ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్ (కంపెనీని నడిపే తీరు) బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది, తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి. 50 వేల దాకా ఉద్యోగులు ఒక్క రోజులో రోడ్డున పడతామేమో అని వణికిపోయారు, దాచుకున్న డబ్బు ఆ షేర్లలో పెట్టిన మామూలు కుటుంబాలు మునిగిపోయాయి. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రాజు గారిని, మరికొందరిని దోషులుగా తేల్చింది, వాళ్ళు అప్పీలుకి వెళ్ళారు, అది వేరే కథ.

నేను చెప్పొచ్చేది ఏంటంటే అంబులెన్స్ మంచిదే, లెక్కలు దొంగవే, రెండూ ఒకే సమయంలో నిజం, ఒకటి చూసి రెండోది కూడా బాగానే ఉంటుందని నమ్మడమే ప్రమాదం. ఆ కంపెనీ బోర్డులో పెద్ద పెద్ద చదువులు చదివిన ఇండిపెండెంట్ డైరెక్టర్లు (యజమానులతో సంబంధం లేని బయటివాళ్ళు) ఉన్నారు, ప్రపంచంలో పేరున్న ఆడిట్ సంస్థ సంతకాలు పెట్టింది. 2008 డిసెంబర్‌లో రాజు గారి కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకి కొంటామంటే ఆ బోర్డు సరే అంది, ఆపింది ఎవరయ్యా అంటే షేర్‌హోల్డర్లు, వాళ్ళు గోల చేసేసరికి గంటల్లో వెనక్కి తీసుకున్నారు. అదే నెలలో ఎవరో మారుపేరుతో ఆ బోర్డులోని ఒక డైరెక్టర్‌కి ఈమెయిల్ పెట్టి లోపల జరుగుతున్నది చెప్పారు. సొంత పేరుతో చెప్పుకోలేని పరిస్థితి అన్నమాట. ఇప్పుడు లిస్టెడ్ (స్టాక్ మార్కెట్లో షేర్లు ఉన్న) కంపెనీల్లో ఫిర్యాదులకి ఒక వ్యవస్థ ఉండాలని చట్టం అంటోంది, కానీ చెప్పినవాడి ఉద్యోగం కాపాడేది ఎవరు? 2014లో పార్లమెంటు పాస్ చేసిన విజిల్ బ్లోయర్స్ (లోపలి తప్పు బయటపెట్టేవాళ్ళ) చట్టం ప్రభుత్వ ఉద్యోగుల అవినీతికి సంబంధించింది, ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్‌కి అది ఏ విధంగానూ పనికిరాదు.

బయట దేశాల్లోనూ ఇంతే. అమెరికాలో ఎన్రాన్ అనే ఇంధన కంపెనీకి 64 పేజీల నీతి నియమావళి ఉండేది, 2001 డిసెంబర్‌లో దివాలా తీసింది. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది బట్టలు కుట్టే ఆడవాళ్ళు. ముందు రోజే గోడలకి పగుళ్ళు కనబడ్డాయి, కింద ఉన్న బ్యాంకు, షాపులు మూసేసుకున్నాయి, పైన ఫ్యాక్టరీల వాళ్ళు మాత్రం ఆర్డర్ టైముకి వెళ్ళాలని కార్మికుల్ని మళ్ళీ లోపలికి పంపారు. ఆ బట్టలు కొనే పెద్ద బ్రాండ్ల దగ్గర సప్లయర్లు ఎలా ఉండాలో చెప్పే నియమాలు అప్పటికే ఉన్నాయి. మన విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయినప్పుడు ఊరిని లేపడానికి సైరన్ కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. సైరన్ బటన్ నొక్కడానికి ఏ నిధులూ అక్కర్లేదు కదండీ, నిద్రపోతున్న జనం కూడా మన లెక్కలోకి వస్తారు అనే ఆలోచన ఉండాలి, అది పై నుంచి రావాలి.

అలా ఆలోచించినవాళ్ళు లేరని కాదు. జంషెడ్‌పూర్ స్టీల్ ఫ్యాక్టరీలో టాటాలు 1912లోనే ఎనిమిది గంటల పని పెట్టారు, 1920లో ప్రావిడెంట్ ఫండ్ పెట్టారు, దేశంలో చట్టాలు రావడానికి చాలా ఏళ్ళ ముందు. అప్పుడు సీఎస్ఆర్ అనే మాటే లేదు, పని చేయించుకునే తీరులోనే బాధ్యత ఉంది.

ఇక నాకు బాగా తెలిసిన సంగతి. మాది చిన్న యూనిట్, పెద్ద కంపెనీలకి ప్యాకింగ్ సరుకు చేసిస్తాం. 2006 ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ప్రకారం మాలాంటి వాళ్ళ బిల్లు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో కట్టాలి, దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. కాగితం మీద ఇంతకన్నా గట్టి రూల్ ఉండదు. కానీ ఒక పెద్ద కంపెనీ మా బిల్లు నెలల తరబడి ఆపింది, అడిగితే అప్రూవల్‌లో ఉంది, సిస్టమ్ మారింది, సార్ టూర్‌లో ఉన్నారు. అదే సమయంలో ఆ కంపెనీ సీఎస్ఆర్ ప్రోగ్రామ్ ఘనంగా జరిగింది. ఫిర్యాదు పెట్టే పోర్టల్ ఉంది, తెలుసు, కానీ పెడితే వచ్చే ఆర్డర్ రాదు, అందుకే మాలాంటి వాళ్ళు నోరు మూసుకుని అప్పు తెచ్చి జీతాలు ఇస్తున్నాం, అంటే పెద్ద కంపెనీ కట్టాల్సిన డబ్బు కోసం చిన్నవాడు వడ్డీ కడుతున్నాడు. 2024 నుంచి ఆదాయపు పన్నులో ఒక మార్పు వచ్చింది, గడువులోపు మా బిల్లు కట్టకపోతే పెద్ద కంపెనీ దాన్ని పన్ను లెక్కలో ఖర్చుగా, అసలు కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి, దానివల్ల కొంత కదలిక వచ్చింది, కానీ భయం పోలేదు. కాంట్రాక్టు కార్మికుల పీఎఫ్ విషయంలోనూ ఇదే, అడిగినవాడు మర్నాడు పనిలో ఉండడు.

మరి పేపర్ ఏం చేయగలదు అంటారా, చాలా చేయగలదు. కొత్తగా పరిశోధన అక్కర్లేదు, వివరాలు ఇప్పటికే బయట ఉన్నాయి. 2022-23 నుంచి మార్కెట్ విలువలో పైన ఉన్న 1000 లిస్టెడ్ కంపెనీలు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిన బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) అనే రిపోర్టు ఇవ్వడం తప్పనిసరి, ఎంతమంది పర్మనెంటు, ఎంతమంది కాదు, పనిలో ఎంతమంది చనిపోయారు, డైరెక్టర్ల మధ్యస్థ జీతం (వరసలో సరిగ్గా మధ్యలో ఉన్నవాడిది) ఎంత, ఉద్యోగులది ఎంత, అన్నీ అందులో ఉంటాయి. యాన్యువల్ రిపోర్టులో ఆడిటర్ ఏమైనా అభ్యంతరం రాశాడా, ప్రమోటర్ల (కంపెనీని నడిపించే యజమానుల) సొంత సంస్థలకి ఎంత డబ్బు వెళ్ళింది, చిన్న యూనిట్లకి బాకీ ఎంత, ఇవీ ఉంటాయి. లిస్ట్ కాని కంపెనీల లెక్కలు కూడా కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో కొద్దిపాటి ఫీజు కడితే దొరుకుతాయి. సమస్య ఏంటంటే అవన్నీ ఇంగ్లీషులో వందల పేజీలు, ఆ కంపెనీ పక్కనే బతికే మనిషికి ఒక్క ముక్క అందదు.

అందుకే నా విన్నపం, ఇకమీదట సీఎస్ఆర్ ఫొటో వేసినప్పుడు దాని పక్కనే చిన్న బాక్సులో ఆ కంపెనీ గురించి ఈ వివరాలు తెలుగులో వేయండి, తప్పులు ఉన్నాయని రాయక్కర్లేదు, వాళ్ళే ఇచ్చిన అంకెలు ఉన్నది ఉన్నట్టు వేస్తే చాలు, బాగున్న కంపెనీకి అది మంచి పేరే తెస్తుంది. యాడ్స్ ఇచ్చే కంపెనీల విషయంలో ఇది మీకు ఇబ్బందే అని తెలుసు, అయినా అడుగుతున్నాను. ముందు ఒక్క కంపెనీతో మొదలుపెట్టండి, ఏ రిపోర్టులో ఏ పేజీ చూడాలో చెప్పడానికి అకౌంట్స్ తెలిసిన పాఠకులు మీకు చాలామందే ఉన్నారు, నేనూ వస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక చిన్న యూనిట్ యజమాని
(పేరు ప్రచురించవద్దని మనవి)