తేడా రాతలో ఉందా, మన చూపులో ఉందా?

సంపాదకుల గారికి,

కథ చదివితే రాసింది స్త్రీయో పురుషుడో చెప్పేయవచ్చని మీ సాహిత్య పేజీలో ఇటీవల కొందరు రాశారు. కవర్ మీద పేరు మూసి చదివినప్పుడు కూడా ఆ ధీమా నిలుస్తుందా అన్న ప్రశ్న మాత్రం ఆ వ్యాసాల్లో ఎక్కడా కనిపించలేదు.

అమెరికన్ సైన్స్ ఫిక్షన్‌లో జేమ్స్ టిప్ట్రీ జూనియర్ పేరు వెలుగుతున్న రోజుల్లో, ఆ రచయిత స్త్రీ కావచ్చన్న ఊహను తోటి రచయిత రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 1975లో ఒక ముందుమాటలో తోసిపుచ్చి, ఆ రచనలో కాదనలేని పురుషత్వం ఉందన్నారు. 1977 నాటికి టిప్ట్రీ అసలు పేరు ఆలిస్ షెల్డన్ అని లోకానికి తెలిసిపోయింది. ఆమె సైన్యంలో నిఘా ఛాయాచిత్రాలను పరిశీలించే పని చేశారు, ఆ తర్వాత సీఐఏలో ఉద్యోగం చేశారు. పాఠకులు మగతనమనుకున్నది, నా దృష్టిలో, ఆ రోజుల్లో స్త్రీలకు అరుదుగా దక్కిన అనుభవం. వంటింటికే పరిమితమైన మనిషి వంటింటి గురించి రాస్తే దాన్ని స్త్రీ స్వభావమనడం ఎంత అన్యాయమో, ఈ ఉదంతం తెలిశాక నాకు మరింత స్పష్టంగా అర్థమైంది.

సరిగ్గా పసిగట్టినవారూ లేకపోలేదు. జార్జ్ ఎలియట్ అనే మగ పేరుతో ఒక ఆంగ్ల రచయిత్రి రాసిన తొలి కథలు చదివి, రాసింది స్త్రీయేనని 1858లో నవలాకారుడు డికెన్స్ గుర్తుపట్టారు. కొప్పెల్, ఆర్గమాన్, షిమోనీ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో కంప్యూటర్ కూడా ఇంగ్లీషు రచనల్లోని చిన్న చిన్న మాటల వాడుకను బట్టి దాదాపు 80 శాతం సార్లు సరిగ్గా చెప్పింది. స్త్రీల రచనల్లో సర్వనామాలు ఎక్కువగా కనిపించాయి. అయితే కథకూ వ్యాసానికీ మధ్య ఉండే తేడా కూడా చాలావరకు ఇలాంటిదేనని ఆ పరిశోధనలే చూపించాయి. పైగా సగటున కనిపించే తేడాను పట్టుకుని ఒక్కొక్క రచయిత మీద తీర్పు చెప్పబోతే, ఐదుగురిలో ఒకరి విషయంలో పొరబడతాం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది శైలి కాదు, పాత్రలకు దక్కే చోటు. అండర్‌వుడ్, బామన్, లీ అనే పరిశోధకులు 2018లో లక్షకు పైగా ఇంగ్లీషు కాల్పనిక రచనలను పరిశీలించి, స్త్రీల రచనల్లో స్త్రీ పాత్రలకూ పురుష పాత్రలకూ ఇంచుమించు సమానమైన చోటు దక్కుతుండగా, పురుషుల రచనల్లో స్త్రీ పాత్రలు ఏ కాలంలో చూసినా వెనకబడే ఉన్నాయని తేల్చారు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో దాదాపు సగం కాల్పనిక సాహిత్యాన్ని స్త్రీలే రాస్తే, ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి వారి వాటా సుమారు నాలుగో వంతుకు పడిపోయింది. ఎవరి వాక్యం సున్నితం, ఎవరిది గంభీరం అని వాదించుకునే ముందు, ఎవరి కథ అచ్చు దాకా రాగలిగింది, అందులో ఎవరికి నోరు దక్కింది అని మన విమర్శకులు అడగాలి.

అందుకే మీకు రెండు విన్నపాలు. మీరు నిర్వహించే కథల పోటీల్లో రచయితల పేర్లను న్యాయనిర్ణేతలకు తెలియనివ్వకండి. పురుషుడి నవలను సమీక్షించేటప్పుడు వాడని ‘స్త్రీ సహజమైన’ వంటి విశేషణాలను స్త్రీ నవల సమీక్షలోనూ అచ్చు వేయకండి.

ఇట్లు,
మీ పత్రిక చదువరి