తల్లిపాల నమూనాల్లో కొవ్వును కాపాడాలి

సంపాదకులకు,

తల్లిపాల నిల్వ గురించి రాసేవారు సూక్ష్మజీవుల ప్రమాదాన్ని ప్రస్తావించినంతగా కొవ్వు సంగతి ప్రస్తావించడం లేదు. శిశువుకు ఆ పాల నుంచి అందే శక్తిలో దాదాపు సగం కొవ్వుదే. పాలలో సహజంగా ఉండే లైపేజ్ ఎంజైములు మైనస్ 20 డిగ్రీల వద్ద గడ్డకట్టిన నమూనాలో సైతం నెమ్మదిగా పనిచేస్తూ ట్రైగ్లిజరైడ్లను, అంటే పాలలోని ప్రధాన కొవ్వును, విడగొడతాయి కనుక, పరిశోధనకు ఉద్దేశించిన పాలను మైనస్ 80 డిగ్రీల వద్ద దాచడమే మేలు.

కరిగించిన సీసా లోపలి గోడకు తెల్లని జిడ్డు పొర అంటుకుని కనిపిస్తుంది. దాన్ని గోరువెచ్చగా చేసి, మెల్లగా తిప్పి కలపకుండా పైపైన తీసిన పాలను పరీక్షిస్తే వచ్చే అంకె తల్లిది కాదు, మన అజాగ్రత్తది. సన్నని గాజు గొట్టంలో పాలను సెంట్రిఫ్యూజులో తిప్పి మీగడ పొరను కొలిచే క్రిమాటోక్రిట్ పద్ధతి చవకైనదే గానీ, కొవ్వు ఆమ్లాల వివరాలకు వాటిని ఆవిరి రూపంలో వేరుచేసి కొలిచే గ్యాస్ క్రోమటోగ్రఫీ తప్పదు.

తల్లి తినే చేపలను బట్టి పాలలో డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం మోతాదు మారుతుంది. అందుకే జాలారిపేట వంటి మత్స్యకార వాడల తల్లుల పాలపై విశాఖలో శ్రద్ధగా అధ్యయనం జరగాలి. బిడ్డ తాగడం మొదలుపెట్టినప్పటి కన్నా చివర్లో వచ్చే పాలు చిక్కన కాబట్టి, ఏ దశలో సేకరించారో ప్రతి సీసాపైనా రాయించాలని, ఐసుపెట్టెల రవాణాకు, ఫ్రీజర్లకు నిరంతర విద్యుత్తుకు నిధులు కేటాయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పోషకాహార అధ్యాపకురాలు, విశాఖపట్నం