గ్రాంటు పెంచితే చాలదు, ఇచ్చే పద్ధతి మారాలి

సంపాదకులకు నమస్కారం.

కాలిబాటలకీ సైకిల్ దారులకీ ప్రభుత్వాలు నిధులు పెంచాలని ఈ మధ్య చాలామంది రాస్తున్నారు. పెంచాల్సిందే, అందులో వాదనేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో సుమారు 11.9 లక్షల మంది చనిపోతే, అందులో 23 శాతం నడిచి వెళ్లేవాళ్లు, 6 శాతం సైకిల్ మీద వెళ్లేవాళ్లు. రవాణా బడ్జెట్‌లో కనీసం 20 శాతం నడకకీ సైకిల్‌కీ పెట్టండని ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2016లోనే దేశాలకి చెప్పింది, విన్నవాళ్లు తక్కువ. కానీ నా బాధ ఎంత ఇస్తున్నారన్నది కాదు, ఎలా ఇస్తున్నారన్నది. ఇచ్చే ఆ కాస్త డబ్బు కూడా అవసరం ఎక్కువున్న ఊరికి కాకుండా దరఖాస్తు బాగా రాయగలిగిన ఊరికి పోతోంది.

గ్రాంటు ఎలా వస్తుందో ఒకసారి చూడండి. నోటిఫికేషన్ వస్తుంది, గడువు కొన్ని వారాలే ఉంటుంది. ఆ లోపల మ్యాపులు, కొలతలు, అంచనా వ్యయం, ప్రమాదాల లెక్కలు, స్థలం ఎవరిదో చూపించే కాగితాలు, జనంతో మాట్లాడినట్టు ఆధారం, మన వాటా మనం పెడతామని హామీ పత్రం, ఇవన్నీ సిద్ధం చేయాలి. పెద్ద నగరానికైతే ప్రణాళికా విభాగం ఉంటుంది, లేదంటే కన్సల్టెంటుని పెట్టుకుంటారు. చిన్న ఊళ్లో ఉండేది ఒకే ఒక్క ఇంజినీరు, ఆయనే మంచినీళ్ల పైపులు చూడాలి, ఆయనే మురుగుకాల్వలు చూడాలి, వీధిదీపాల ఫోన్లూ ఆయనకే వస్తాయి. ఆయన రాత్రి కూర్చుని డీపీఆర్, అంటే పని వివరాలన్నీ ఉండే ప్రాజెక్టు నివేదిక, తయారు చేయాలంటే అయ్యే పనేనా? పైగా ఎక్కువ మార్కులు ఎక్కడ పడతాయంటే, ఇప్పటికే జనం బాగా నడుస్తున్నారని చూపించిన చోట. నడవడానికే భయపడే రోడ్డు మీద నిలబడి నడిచేవాళ్లని లెక్కపెడితే ఎంతమంది తేలతారు? అక్కడ లెక్క తక్కువ వచ్చిందంటే అవసరం లేదని కాదు కదా.

ఇక వాటా సంగతి. అమెరికాలో ఇలాంటి పనులకి ఇచ్చే ఫెడరల్ డబ్బు సాధారణంగా ఖర్చులో 80 శాతం వరకే, మిగతా 20 శాతం ఆ రాష్ట్రమో ఊరో చూసుకోవాలి. అదొక్కటే అయితే ఎలాగోలా సర్దుకోవచ్చు. కానీ ఆ 80 శాతం కూడా ముందుగా చేతికి రాదు, ముందు మీరు ఖర్చు పెట్టాలి, బిల్లులు పంపాలి, అప్పుడు వెనక్కిస్తారు. అంటే కాంట్రాక్టరుకి మొదట కట్టడానికి ఖజానాలో డబ్బున్న ఊరే దీన్ని తీసుకోగలదు. ఉన్నవాడికే అప్పు పుడుతుందని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

ఇది మార్చలేనిదేమీ కాదు. అదే అమెరికాలో 1991 నుంచి వేర్వేరు పేర్లతో నడుస్తున్న ఈ నిధిని 2021 చట్టంతో పెంచినప్పుడు, రాష్ట్రాలు అందులో 5 శాతం దాకా, దరఖాస్తు పెట్టుకోలేని చిన్న సంస్థలకి సాయం చేయడానికి వాడుకోవచ్చని రాశారు. ఐర్లాండ్ ఇంకా ముందుకెళ్లింది. 2020లో అక్కడి సంకీర్ణ ప్రభుత్వం రవాణా మూలధన వ్యయంలో 20 శాతం నడకకీ సైకిల్‌కీ అని ఒప్పుకుంది, అంటే ఏడాదికి 36 కోట్ల యూరోలు. నాకు అంతకంటే నచ్చిన విషయం ఏంటంటే, ఆ పని చేయడానికి స్థానిక సంస్థల్లో మనుషుల్ని పెట్టుకోవడానికి కూడా నిధులిచ్చారు. సిమెంటుకి డబ్బిచ్చి, ఆ సిమెంటు ఎక్కడ పోయాలో ఆలోచించే మనిషికి ఇవ్వకపోతే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం.

ఏమవుతుందంటే, కిలోమీటర్లు పుడతాయి. గ్రాంటు షరతుల్లో ఎన్ని కిలోమీటర్లు వేశారన్నదే కొలత అయితే, పని సులువుగా ఉన్న చోటే వేస్తారు, అంటే ఖాళీగా, వెడల్పుగా, ఎవరి అభ్యంతరమూ లేని చోట. సైకిల్ ట్రాక్ నున్నగా సాగిపోతుంది, సరిగ్గా కూడలికి కాస్త ముందు రంగు ఆగిపోతుంది, అక్కడో బోర్డు "సైకిల్ దిగి నడవండి" అని. మనిషికి ప్రమాదం జరిగేదేమో ఆ కూడలిలోనే! ఫుట్‌పాత్ సంగతీ అంతే, కాగితం మీద రెండు మీటర్లు ఉంటుంది, తీరా వెళ్లి చూస్తే మధ్యలో కరెంటు స్తంభం, దాని పక్కన కేబుల్ పెట్టె, చివర ర్యాంప్ లేకుండా అడుగెత్తు గట్టు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లూ, పాపని తోపుడుబండిలో తీసుకెళ్లే తల్లీ రోడ్డు మీదికి దిగాల్సిందే. రిబ్బన్ కత్తిరించేటప్పుడు ఫొటో మాత్రం ఈ చివర నుంచి తీయరు.

ఇంగ్లండ్‌లో దీనికో మందు కనిపెట్టారు. 2020 జులైలో కొత్త డిజైన్ ప్రమాణాలు తెచ్చారు, అడ్డుగేట్లూ "దిగి నడవండి" బోర్డులూ పెట్టకూడదని అందులో స్పష్టంగా రాశారు. 2022లో నడక, సైకిల్ పనులు చూసే యాక్టివ్ ట్రావెల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థని పెట్టి, డిజైన్లు ఆ ప్రమాణాలకు తగ్గట్టు ఉన్నాయో లేదో చూసే పని అప్పగించారు. తగ్గట్టు లేకపోతే డబ్బు రాదు. తర్వాత 2023లో అక్కడ నిధులే కోసేశారు, అది వేరే గోల. కానీ పద్ధతి మంచిదే, గీత గీసి ఇదే సైకిల్ దారి అని బిల్లు పెట్టడానికి వీల్లేకుండా చేసింది.

స్పెయిన్‌లో సెవిల్ నగరం చేసింది కూడా చెప్పుకోవాలి. ఏడాదికో ముక్క చొప్పున కాకుండా 2006 నుంచి 2010 లోపు సుమారు 120 కిలోమీటర్ల దారుల్ని ఒకదానికొకటి కలిసేలా, వాహనాల నుంచి విడిగా వేసేశారు. సైకిల్ వాడకం కొన్ని రెట్లు పెరిగింది. ఇంటి నుంచి బడి దాకా దారి తెగకుండా ఉంటే జనం వాడతారు, మధ్యలో నూరు మీటర్లు తెగినా చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని పంపరు. కాబట్టి పది ఊళ్లకి పది ముక్కలు పంచి అందరినీ సంతోషపెట్టే బదులు, తెగిన చోట్లు కలిపే పనికి ముందు ఇవ్వాలని నా అభిప్రాయం. పంపకం మీద ఆధారపడే రాజకీయ నాయకులకి ఇది నచ్చదని తెలుసు.

మెయింటెనెన్స్ గురించి రెండు ముక్కలు. చాలా గ్రాంట్లు కట్టడానికే గానీ ఊడ్చడానికీ, పగిలిన పలక మార్చడానికీ, చెరిగిన రంగు మళ్లీ వేయడానికీ పనికిరావు. అందుకని కొత్తది వేయడం తేలిక, ఉన్నది కాపాడటం కష్టం అయి కూర్చుంది. ఇచ్చే మొత్తంలో కొంత భాగం మొదటి కొన్నేళ్ల నిర్వహణకని విడిగా కేటాయిస్తే సరి, దీనికి కొత్త చట్టాలేమీ అక్కర్లేదు.

చివరిగా మీకో విన్నపం. ఇలాంటి గ్రాంటు ఎప్పుడు ప్రకటించినా పత్రికల్లో ఎన్ని కోట్లు, ఎన్ని కిలోమీటర్లు అన్నదే శీర్షిక అవుతోంది. దాంతోపాటు ఎన్ని ఊళ్లు అడిగితే ఎన్నింటికి కాదన్నారు, ఎందుకు కాదన్నారు, అసలు దరఖాస్తే పెట్టలేకపోయిన ఊళ్లు ఏవి అన్నది కూడా అధికారులని అడిగి వేయండి.

ఇట్లు,
రోజూ నడిచి వెళ్లే ఒక పాఠకుడు