పాత క్యాంపర్ వ్యాన్‌లో మీరు చేసిన పనిపై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,
వ్యాన్ కన్వర్షన్ విభాగం,
హైదరాబాద్.

విషయం: 2012 మోడల్ టెంపో ట్రావెలర్‌కు మీ వర్క్‌షాపులో చేసిన క్యాంపర్ (బండిలోనే పడుకుని, వండుకునే ఏర్పాటు) పనిలో లోపాలు, వాటిని ఉచితంగా సరిచేయడం, చేయని పనికి తీసుకున్న డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మా బండిలో మీరు కొత్తగా చేసిన గ్యాస్ అర, వెనక ఫ్రిజ్ నడపడానికి పెట్టిన రెండో బ్యాటరీ వైరింగ్, టాప్ మీది ఫ్యాన్, నీళ్ల ట్యాంకు, ఈ నాలుగింటిలో ఏదీ సరిగ్గా లేదు. ఫోన్ చేస్తే మీ సూపర్‌వైజర్ గారు నాలుగింటికీ ఒకటే జవాబు చెప్పారు: "పాత బండి కదా సార్, అట్లనే ఉంటది." అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాం.

బండి పాతదే, కాదనడం లేదు. స్టీరింగ్‌లో ప్లే, కమాన్ పట్టాల బుష్‌లు అరగడం, చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులు సతాయించడం, తలుపుల రబ్బర్లు గట్టిపడి దుమ్ము లోపలికి రావడం, ఇవి దాని వయసుతో వచ్చినవి. వాటిని మేము వరంగల్‌లోనే చేయించుకుంటాం, మీ ఖాతాలో వేయం. కింద రాసినవి మాత్రం మీ దగ్గరికి రాకముందు బండిలో లేవు. మీరు బిగించాకే వచ్చాయి.

మొదట గ్యాస్. మిగతావి నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు, ఇది ఆగేది కాదు.

వెనక తలుపు పక్కన 5 కిలోల సిలిండర్‌కు ప్లైవుడ్ అర చేశారు. దాని తలుపు బండి లోపలికే తెరుచుకుంటుంది, చుట్టూ బీడింగ్ లేదు, సందు 6 మిల్లీమీటర్లు ఉంది. గాలి ఆడటానికని జాలీని అర పైభాగంలో పెట్టారు. ఎల్పీజీ గాలికంటే బరువైనది, దాదాపు ఒకటిన్నర నుంచి రెండింతలు. లీకైతే పైకి లేవదు, అడుగుకు దిగి అక్కడే పరుచుకుంటుంది. పైన జాలీ ఎంత పెద్దది పెట్టినా పనికిరాదు. అర అడుగున రంధ్రాలుండాలి, అవి నేరుగా బండి కిందికి, బయటి గాలిలోకి తెరుచుకోవాలి. మీరు అడుగును ప్లైవుడ్‌తో నున్నగా మూసేశారు. అంటే లీకైన గ్యాస్‌కు మిగిలిన దారి తలుపు సందు, అక్కడి నుంచి పిల్లలు పడుకునే మంచం కింద.

ఆ మంచం కిందే మీరు ట్యూబులర్ బ్యాటరీ, దాని రిలే (ఇంజన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలనూ కలిపే స్విచ్చు) పెట్టారు. రిలే కలిసినప్పుడూ విడిపోయినప్పుడూ కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ పుడుతుంది. పైగా నీళ్లు పోసే రకం బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. అది గాలికంటే తేలిక, పైకి పోతుంది, గాలిలో 4 శాతం చేరితే అంటుకునే స్థితికి వస్తుంది. దానికి పెట్టె పైభాగంలో గొట్టం పెట్టి బయటికి తీయాలి. మీ బ్యాటరీ పెట్టెకు ఏ రంధ్రమూ లేదు. పైన జాలీ కావాల్సింది బ్యాటరీకి, కింద కావాల్సింది గ్యాస్‌కు. మీరు ఒకదానికి తారుమారుగా పెట్టారు, రెండోదానికి అసలు పెట్టలేదు. మేడారం జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని పోయిన పెద్దలు కూడా పొయ్యిని బండిలో పెట్టుకోలేదు, దిగి కింద మూడు రాళ్ల మీద పెట్టుకున్నారు. బండిలో పొయ్యి పెడతామని డబ్బు తీసుకున్నవాళ్లకు ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి.

గ్యాస్ పైపు మీద ఐఎస్ 9573 ముద్ర (ఎల్పీజీ రబ్బరు పైపుల ప్రమాణం) లేదు, తయారైన సంవత్సరమూ లేదు. రేకు అంచులోంచి గ్రోమెట్ (రంధ్రం అంచుకు వేసే రబ్బరు రింగు) లేకుండా లాగారు. గుంతల రోడ్డు మీద ఆ అంచు రబ్బరును కోస్తూనే ఉంటుంది, ఇప్పటికే గాటు పడింది. సబ్బు నురగ రాసి చూస్తే స్టవ్ దగ్గరి క్లిప్పులో బుడగలు వచ్చాయి. సిలిండర్‌కు బెల్టు ఒకటే ఉంది, అది కూడా మెడ దగ్గర. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పక్కకు ఒరిగితే రెగ్యులేటర్‌లోకి ఆవిరికి బదులు ద్రవమే వస్తుంది, మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. ప్రస్తుతం సిలిండర్ తీసి బయట పెట్టాం. మీరు వచ్చి చూసేదాకా మళ్లీ బిగించం.

ఇక వైరింగ్. సూపర్‌వైజర్ గారు ఎక్కువ వాదించింది దీనిమీదే. రాత్రి రెండు దాటకముందే ఫ్రిజ్ ఆగిపోతోందంటే, "ఆల్టర్నేటర్ పాతది, చార్జింగ్ రాదు" అన్నారు. మీటరు పెట్టి చూశాం. ఇంజన్ నడుస్తూ, రెండో బ్యాటరీలోకి దాదాపు 30 ఆంపియర్లు పోతున్నప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) పోస్టు మీద 14.1 వోల్టులు ఉన్నాయి. పాత ఆల్టర్నేటర్‌కు అది మంచి అంకె. అదే సమయంలో రెండో బ్యాటరీ పోస్టుల మధ్య 12.9. దారిలో 1.2 వోల్టులు పోతున్నాయి.

ఎక్కడ పోతున్నాయో కూడా చెబుతాం. ముందు బ్యాటరీ నుంచి వెనక్కి మీరు లాగింది 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు) రాగి వైరు, పొడవు 7 మీటర్లు. ఆ వైరుకు మీటరుకు సుమారు 3.1 మిల్లీఓముల రెసిస్టెన్స్, 7 మీటర్లకు 22 మిల్లీఓములు. 30 ఆంపియర్ల దగ్గర 0.65 వోల్టు వైరులోనే పోయింది. ఎర్త్ వైపు బ్యాటరీ నెగటివ్‌ను రంగు గీకకుండానే బాడీ రేకుకు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూతో కొట్టారు. అక్కడ 0.4. మిగతాది రిలే కాంటాక్టుల్లో, సుత్తితో నొక్కిన థింబుళ్లలో (వైరు చివర బిగించే లోహపు తొడుగులు). 6 స్క్వేర్‌కు బదులు 25 స్క్వేర్ కేబుల్ వేస్తే అదే పొడవుకు, అదే కరెంటుకు వైరులో పోయేది 0.16 వోల్టు. ఎర్త్‌ను చాసిస్‌కు, మెరిసేదాకా గీకిన చోట, ఎం8 బోల్టుతో బిగిస్తే ఆ 0.4 దాదాపు పోతుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాలంటే దాని పోస్టుల దగ్గర 14.2 నుంచి 14.4 వోల్టులు కొన్ని గంటలు నిలవాలి. బ్యాటరీ నిండే కొద్దీ కరెంటు తగ్గి, దారిలో పోయేదీ తగ్గుతుందన్నది నిజమే. కానీ హనుమకొండ నుంచి లక్నవరానికి డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరం, రెండు గంటల లోపు ప్రయాణం. ఆ వోల్టేజీ రాకముందే ఇంజన్ ఆపేస్తాం. అలా అరకొరగా నిండి, మళ్లీ ఖాళీ అవుతూ ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ ఏడాదికే మూలన పడుతుంది. అప్పుడు మీరు "బ్యాటరీ వారంటీ మాది కాదు" అంటారని మాకు తెలుసు, అందుకే ఈ కొలతలన్నీ ఫొటోలతో సహా ఇప్పుడే జతపరుస్తున్నాం.

పాత ఆల్టర్నేటర్ అన్న మాటకు ఒక సవరణ. చాలా కొత్త బండ్లలో డీజిల్ ఆదా కోసం ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) ఆల్టర్నేటర్ వోల్టేజీని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. అలాంటి బండిలో మీరు వేసిన మామూలు వోల్టేజీ రిలే పనిచేయదు, వచ్చే వోల్టేజీ మారినా బ్యాటరీకి కావాల్సినంత ఇచ్చే డీసీ టు డీసీ చార్జర్ కావాలి. మా బండిలో ఆ బాధ లేదు. ఇంజన్ నడిచినంతసేపూ 14 వోల్టుల చుట్టూ నిలకడగా ఇస్తుంది. అంటే ఈ పనికి కొత్త బండికన్నా మా పాత బండే సులువు.

ఫ్యూజుల సంగతి ఇంకా అన్యాయం. ఆ 6 స్క్వేర్ వైరుకు 100 ఆంపియర్ల ఫ్యూజు వేశారు, అదీ ఒకటే, అదీ వెనక బ్యాటరీ దగ్గర. ఫ్యూజు కాపాడాల్సింది వైరును. ఎక్కడైనా రాపిడికి వైరు రేకును తాకితే 100 ఆంపియర్ల ఫ్యూజు ఎగిరేలోపు పైన పీవీసీ కరిగి అంటుకుంటుంది. పైగా ఈ వైరుకు రెండు చివరలా బ్యాటరీలున్నాయి, కరెంటు ఏ వైపు నుంచైనా రావచ్చు. కాబట్టి రెండు చివరలా, బ్యాటరీ పోస్టుకు జానెడు దూరంలోపు ఫ్యూజు ఉండాలి. ముందు బ్యాటరీ వైపు ఏమీ లేదు, వైరేమో సైలెన్సర్ పైపుకు చేయి పట్టేంత దూరంలో వెళ్తోంది.

ఫ్రిజ్‌కు 1.5 స్క్వేర్ వైరు 5 మీటర్లు లాగారు. కంప్రెసర్ నడిచేటప్పుడు 5 ఆంపియర్లకు రానూపోనూ 0.6 వోల్టు పోతుంది, స్టార్టయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. బ్యాటరీలో ఇంకా చార్జి ఉండగానే ఫ్రిజ్ తనకు వోల్టేజీ చాలదని ఆగిపోవడానికి రెండో కారణం ఇది. 6 స్క్వేర్ వేయండి. ప్రధాన లైను నుంచి తీసేసే వైరే దీనికి సరిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు.

టాప్ మీది ఫ్యాన్. 14 అంగుళాల చదరం కోశారు, కోసిన రేకు అంచుకు ప్రైమర్ వేయలేదు, మామూలు సిలికాన్ పూశారు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం అది. ఆ ఆమ్లం ఒట్టి ఇనుమును తింటుంది. మొదటి వానాకాలానికే ఫ్రేము చుట్టూ ఎర్రటి చారలు దిగాయి. ములుగు, తాడ్వాయి వైపు జూలై వానలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, రాత్రి మొదలైతే తెల్లారేదాకా విడవవు. పైన ఇంకాస్త సిలికాన్ పూస్తామని మీవాళ్లు అన్నారు, వద్దు. సిలికాన్ అవశేషం మీద ఏ సీలెంటూ పట్టదు. ఫ్యాన్ విప్పి, పాతదంతా గీకి తీసి, తుప్పు రుద్ది, జింక్ ప్రైమర్, రంగు వేసి, ఫ్రేము కింద బ్యూటైల్ టేపు, పైన పాలీయురేతేన్ సీలెంట్ పెట్టాలి. ప్రైమర్ ఆరడానికి ఒక పూట పడుతుంది, కాబట్టి ఇది ఒక్క సాయంత్రంలో అయ్యే పని కాదు.

తడిసిన చోట సీలింగ్ ప్లైవుడ్ ఉబ్బింది. బిల్లులో ఐఎస్ 710 మెరైన్ ప్లై, అంటే నీళ్లకు తట్టుకునేది, అని రాశారు. విప్పిన ముక్క మీద ముద్ర ఐఎస్ 303, ఎంఆర్ గ్రేడు, అంటే కొద్దిపాటి తేమకే ఓర్చుకునేది. రెండింటి ధరలో తేడా మీకే బాగా తెలుసు.

నీళ్ల ట్యాంకు 90 లీటర్లు, అంటే నిండితే 90 కిలోలు. దాన్ని వెనక ఇరుసు దాటాక, ఒక పక్కకు, రేకు పట్టీలతో, స్క్రూలతో వేలాడదీశారు. బ్రేకు కొట్టిన ప్రతిసారీ నీళ్లు ఊగి ఆ స్క్రూలను లాగుతాయి, రెండు ఇప్పటికే ఊడాయి. ట్యాంకును ఇరుసుల మధ్యకు మార్చి, ఆరపార బోల్టులు, ఇవతల అవతల ప్లేట్లు వేసి బిగించాలి. పంపుకు ముందు జాలీ కూడా పెట్టండి, మా వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ.

చివరిది ఆర్సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం). మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం బండిలో ఇలాంటి మార్పులకు రిజిస్టరింగ్ అధికారి ఆమోదం ఉండాలి. ఆ పనికని బిల్లులో 6,000 రూపాయలు వేశారు. దరఖాస్తు రసీదు ఇప్పటిదాకా చూపించలేదు. 2027లో బండికి 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లాలి, అప్పుడు ఆర్సీలో లేని మంచాలు, స్టవ్ చూసి అడిగితే జవాబు చెప్పాల్సింది మేము. ఈలోపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్లకు సాకు దొరుకుతుంది.

మేము కోరేది ఇది. ఈ లేఖ అందిన 15 రోజుల్లోపు మీ మెకానిక్‌ను, ఎలక్ట్రీషియన్‌ను హనుమకొండకు పంపి గ్యాస్ అర, బ్యాటరీ పెట్టె, ప్రధాన లైను సరిచేయాలి. గ్యాస్ అర తలుపు బండి బయటికి మార్చాలి, లోపలి వైపు పూర్తిగా సీల్ చేయాలి, అడుగున మొత్తం 100 చదరపు సెంటీమీటర్లకు తగ్గకుండా రంధ్రాలుండాలి, అవి సైలెన్సర్‌కు దూరంగా ఉండాలి. టాప్, సీలింగ్, ట్యాంకు పనికి బండిని మీ ఖర్చుతో తీసుకెళ్లి తిరిగి తెచ్చివ్వాలి. ప్లైవుడ్ మార్చాలి, లేదంటే ధరలో తేడా ఇవ్వాలి. ఆర్సీ దరఖాస్తు రసీదు పంపాలి, లేదంటే 6,000 వాపసు ఇవ్వాలి. ప్రతి పనికీ జాబ్ కార్డు మీద వైరు సైజు, ఫ్యూజు ఆంపియర్లు, వాడిన సీలెంట్ పేరు రాసి సంతకం చేసి ఇవ్వాలి.

గడువు దాటితే వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(11) కింద ఇది సేవలో లోపమేనని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం. సెక్షన్ 34 ప్రకారం మేము ఉండే చోటే వేయవచ్చు, హైదరాబాద్ రానక్కర్లేదు. మా బిల్లు 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. అంతదాకా పోకుండా చూడటం మీ చేతిలో ఉంది. పని బాగా చేస్తే మళ్లీ మీ దగ్గరికే రావడానికి మాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే మీ వడ్రంగి చేసిన మంచాలు, సొరుగులు నిజంగా గట్టిగా ఉన్నాయి, ఇంత ఊగినా ఒక్క కీలు కదల్లేదు.

మీవాళ్లు వచ్చేటప్పుడు 25 స్క్వేర్ కేబుల్‌తో పాటు హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ కూడా తెచ్చుకోమనండి. సుత్తితో కొట్టిన థింబుల్‌ను ఈసారి ఒప్పుకోం. బిగించాక ఇంజన్ నడిపి, 30 ఆంపియర్ల దగ్గర రెండో బ్యాటరీ పోస్టుల మీద మీటరు పెట్టి చూస్తాం. ఆల్టర్నేటర్‌కూ దానికీ తేడా 0.4 వోల్టు దాటితే జాబ్ కార్డు మీద సంతకం పెట్టం.

ఇట్లు,
బండి యజమానులు, రెండు కుటుంబాల తరఫున,
హనుమకొండ.