ఎక్స్‌రే గది పెద్దాయనకి నమస్కారం

మూడు రాత్రులుగా నిద్ర లేదు. నీళ్లలో నాని వేళ్లు ఇంకా ముడతలు పడే ఉన్నాయి. తప్పులుంటే సర్దుకోండి.

భద్రాచలంలో గోదారి 71 అడుగులు దాటిందని టీవీలో చెబుతున్నా, 1986లో 75 దాటింది కదా, అంత రాదులే అనుకుని పడుకున్నాను. తెల్లారేసరికి మంచం కింద ట్రంకు పెట్టె మునిగిపోయింది. 1979లో మద్రాసు వెళ్లిన దగ్గర్నుంచి తీసిన నెగెటివ్‌లన్నీ అందులోనే. వాహినీ, ఏవీఎం సినిమా స్టూడియోల ఫ్లోర్లలో షాట్‌కీ షాట్‌కీ మధ్య పది నిమిషాలు బతిమాలుకుని తీసిన ముఖాలు. రోలుకి 12 బొమ్మలే, ఆచితూచి నొక్కాలి. రోలీఫ్లెక్స్ కెమెరాలోకి పైనుంచి తలొంచుకుని చూస్తాం కదా, ఎంత పెద్ద స్టారైనా మనం దణ్ణం పెడుతున్నామనుకుని మెత్తబడేవారు.

అమలాపురంలో మా అమ్మాయి వాళ్ల డాబా మీద ఎండేద్దామని పెట్టె మోసుకెళ్తుంటే, పాల ప్యాకెట్టుతో మెట్లు దిగుతున్న పై వాటా పెద్దాయన అరిచారు: "బాబుగారూ, ఎండెయ్యకండి! ముద్దగా ఆరితే ఒకదానికొకటి అంటుకుపోతాయండి!" నలభై ఏళ్లు ఫిలిం కడిగినవాణ్ణి, నాకు తెలీక కాదు. ఆ పూట బుర్ర పనిచెయ్యలేదంతే. ఆయన ఆసుపత్రి ఎక్స్‌రే డార్క్‌రూమ్‌లో పనిచేసి రిటైరయ్యారట. బకెట్లలో చల్లటి మంచినీళ్లు పోయించి, ఒక్కో స్ట్రిప్పూ వేళ్ల మధ్య జార్చి, మెట్ల పక్కన తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశారు. రెండు రాత్రులు! ఒకదాన్ని ట్యూబ్‌లైటు కేసి పెట్టి, "మనిషి బాగానే ఉందండీ, పక్కటెముకలేవీ?" అన్నారు. వరదొచ్చాక అదే మొదటిసారి నవ్వడం.

ఒక స్ట్రిప్పు మీద బొమ్మ మొత్తం మీగడలా జారిపోయింది. "ఇది పోయిందండి" అన్నారు. పారెయ్యలేదు. కాగితంలో పొట్లం కట్టి నా జేబులో పెట్టారు. అక్కడ ఏడ్చేశాను.

బ్లాక్ అండ్ వైట్ చాలావరకు దక్కింది. కలర్ స్లైడ్లు పోయాయి. అసలు సగం పెట్టెలోనే లేవు లెండి, ముఖచిత్రానికని పట్టుకెళ్లిన పత్రికలవాళ్లు తిరిగిస్తేనా! గోదారి ముంచింది తక్కువే.

నష్టం రాసుకోవడానికొచ్చినాయన కాగితంలో ఇంటికి గడి ఉంది, గేదెకి ఉంది, కొబ్బరికి ఉంది. ఫిలింకి లేదు. "మార్కెట్ రేటెంతండీ?" అని అడిగాడు. ఏం చెప్పను?

దణ్ణం పెట్టాల్సినవాళ్లలో మా ఆవిడ, అమ్మాయి, అల్లుడు ఎలాగూ ఉన్నారు.

అయ్యో, నాటు పడవ మీద పెట్టె దాటించిన కుర్రాళ్లని మర్చిపోయాను. పేర్లు కూడా అడగలేదు. ఐసు గడ్డలిచ్చిన చేపల కొట్టాయనకి కూడా నమస్కారం. ఇడ్లీ బండి తమ్ముడూ, నీ స్టీలు బేసిన్లు రెండూ నా దగ్గరే ఉన్నాయి, రేపు తోమించి పంపిస్తాను.