చిత్తూరు నుంచి ఏర్కాడు కాఫీ తోటలకు: జిల్లా ప్రజా రవాణా అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

కాఫీ తోటలనగానే మనవాళ్లు అరకు అంటారు. చిత్తూరుకు సేలం పక్కనున్న ఏర్కాడే బాగా దగ్గర. కాట్పాడి దాకా బస్సు, సేలం దాకా రైలు, ఆపైన 20 హెయిర్‌పిన్ మలుపుల ఘాట్‌లో మళ్లీ బస్సు. చిక్కంతా బండి మారేచోటే.

రైలు రిజర్వేషన్ ఫారానికి ఆరుగురే. ఇరవై మంది కలిసి వెళ్తే నాలుగు ఫారాలు కావాలి. 60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన రోజే తీసుకోకపోతే తలో బోగీలో పడతారు. కాట్పాడి మీదుగా పోయే వేలూరు బస్సెక్కే ఆడవాళ్లు మన రాష్ట్ర స్త్రీ శక్తి పథకం కింద ఉచితమనుకుంటారు. అంతర్రాష్ట్ర సర్వీసులకు అది వర్తించదు. కండక్టరుతో వాదన అక్కడే మొదలవుతుంది.

కాఫీ కోతలు ముఖ్యంగా నవంబరు నుంచి జనవరి దాకా. ఒకే గుత్తిలో పచ్చవి, పసుపువి, ఎర్రవి ఉంటాయి. పండినవే ఏరి కోస్తారు. పిల్లలు తప్పక చూడాల్సింది అదే.

ఆ మూడు నెలలూ శనివారం తెల్లవారుజామున ఒక బస్సు, సేలం వెళ్లే రైలుకు 45 నిమిషాల ముందే కాట్పాడి స్టేషన్ చేరేలా నడపండి. చిత్తూరు బస్టాండు విచారణ కౌంటరు పక్కన ఛార్జీ, ఉచిత ప్రయాణం వర్తించదన్న సంగతి, ఏర్కాడు నుంచి కొండ దిగే ఆఖరి బస్సు వేళ తెలుగులో రాయించండి.

ఇట్లు,
చిత్తూరు ప్రయాణికులు