రాగి గ్లాసులను అద్దె జాబితా నుంచి తీసివేశాము: మా ఖాతాదారులకు వివరణ

హైదరాబాదులో పెళ్లికి ముందు జరిగే కాక్‌టెయిల్ పార్టీల కోసం మా దుకాణం నుంచి గ్లాసులు, పళ్లేలు, వడ్డన సామాను అద్దెకు తీసుకుంటున్న మీ అందరికీ ఒక విషయం దాచకుండా చెప్పవలసి ఉంది. ఎంతో ఇష్టపడి ముందు వరుసలో పేర్చిన రాగి గ్లాసులను ఇకపై అద్దెకు ఇవ్వడం లేదు.

తప్పు మాదే. గత నెలలో ఒక విందుకు 60 రాగి గ్లాసులు పంపగా, వాటిలో వోడ్కా, అల్లం సోడా, నిమ్మరసం కలిపే మాస్కో మ్యూల్ పోశారు. పానీయం లోహపు రుచి వస్తోందని కొందరు అతిథులు అన్నారట. తిరిగి వచ్చిన గ్లాసులలో కొన్నింటికి అడుగున పచ్చని కిలుము కనిపించింది. పులుపు తగిలినప్పుడు రాగి కొద్దికొద్దిగా కరిగి పానీయంలోకి దిగుతుంది. అది మోతాదు మించితే వికారం, వాంతులు, కడుపునొప్పి కలుగుతాయి. పులుపును కొలిచే పీహెచ్ అంకె (ఇది ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ) 6 కంటే తక్కువ ఉన్న పదార్థాలను రాగికి, ఇత్తడికి తగలనీయరాదని అమెరికా ఆహార నియమావళి చెబుతుంది. నిమ్మరసం పీహెచ్ 3 కంటే తక్కువే. 2017లో అమెరికాలోని అయోవా రాష్ట్రం ఇవే మాస్కో మ్యూల్ గ్లాసుల విషయంలో హెచ్చరిక జారీ చేసింది. నిజానికి అంత దూరం వెళ్లనక్కరలేదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆ నియమం నిమ్మరసం పిండిన వోడ్కాకూ వర్తిస్తుందని నాకే తట్టలేదు.

గ్లాసులకు కళాయి పూయించవచ్చు కదా అని కొందరు అడిగారు. పూయించవచ్చు, కానీ ప్రతి విందు తరువాత తోమే సామానుకు ఆ తగరపు పూత ఎంతకాలం నిలుస్తుందో నేను హామీ ఇవ్వలేను. అందుకే వెలుపల రాగి, లోపల స్టీలు ఉన్న గ్లాసులు తెప్పిస్తున్నాము. అద్దె కొంత పెరుగుతుంది.

ఇదే వరుసలో రెండవ పొరపాటు కూడా బయటపడింది. ఏటికొప్పాక పళ్లేలను మేము పానీయాల ట్రేలుగా ఇచ్చేవాళ్లము. అంకుడు కర్రను తరిణె పట్టి, దానికి సహజ రంగులు కలిపిన లక్కను అద్దే పని అది. లక్క మద్యంలో కరుగుతుంది. రమ్ము ఒలికిన చోటల్లా మెరుపు పోయి, వేలికి జిగురు తగిలిన ట్రేలు మూడు నా దగ్గర ఉన్నాయి. ఆ పనివారి నైపుణ్యంలో లోపం ఏమీ లేదు, వస్తువును తప్పుడు చోట పెట్టింది నేను. ఇకపై వాటిలో జీడిపప్పు, వేయించిన పల్లీల వంటి పొడి పదార్థాలే పెట్టాలి. నల్లని లోహంలో వెండి పొదిగే బిద్రీ పళ్లేలదీ దాదాపు అదే కథ. అందులో ఎక్కువ భాగం జింకే గనుక పులుపు తగలకూడదు. గాజు గిన్నెల కింద పెడితే ఆ నలుపు మీద వెండి చెక్కడం ఎంతో బాగుంటుంది.

మరి ఏమి ఎంచుకోవాలి? పానీయానికి గాజును మించినది లేదని ఇంత ఖర్చు పెట్టాక ఒప్పుకుంటున్నాను. వంద మందికి రెండు వందల గ్లాసులు లెక్కవేసుకోండి, ఎందుకంటే ఎవరూ తమ గ్లాసు ఎక్కడ పెట్టారో గుర్తుంచుకోరు. అతిథులు నిలబడి తింటారు గనుక ఒక చేతిలో ఇమిడే ఆరేడు అంగుళాల వక్కపట్ట పళ్లేలు చాలు. ఇత్తడి పళ్లెం చూపుకు గొప్పగా ఉన్నా పది నిమిషాలకే చేయి లాగుతుంది. పెంబర్తి పనివారు చేసిన పెద్ద ఇత్తడి పాత్రను మంచు నింపి సీసాలు పెట్టుకోవడానికి వాడండి. పుల్లని చట్నీలకు మాత్రం నేను ఊరగాయల చిన్న జాడీలనే సూచిస్తాను. పులుపుకు చెక్కుచెదరని ఆ పింగాణీని మన ఇళ్లలో ఎప్పుడో పరీక్షించారు, పైగా బల్ల మీద అందరి చూపూ ముందు వాటి మీదే పడుతుంది.

రాగి గ్లాసులకు ఇప్పటికే బయానా ఇచ్చినవారు ఆ మొత్తాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు, లేదా అదే అద్దెకు గాజు గ్లాసులు తీసుకోవచ్చు. పాత రాగి గ్లాసులను అమ్మకానికి పెట్టడం లేదు. వాటిలో పూలు అమర్చి, బల్లల అలంకరణకు మాత్రమే పంపుతాము.